పెళ్లిలో చిన్నాయన పోసిన గ్లాసు: పదహారేళ్ల కొడుకుతో ఎలా మాట్లాడాలి?

ప్రశ్న: మాది కర్నూలు. మా అబ్బాయికి పదహారేళ్లు, ఇంటర్ మొదటి సంవత్సరం చదువుతున్నాడు. పాపకు పదమూడు. పోయిన నెల ఆదోనిలో బంధువుల పెళ్లికి వెళ్లినప్పుడు, రాత్రి ఊరేగింపు అయిపోయాక మావాడు తూలుతూ వచ్చి పడుకున్నాడు. నోట మందు వాసన వచ్చింది. ఆరా తీస్తే మా మరిదే బీరు పోసినాడని తెలిసింది. “మగపిల్లోడు కదా వదినా, ఇప్పుడు కాకుంటే ఎప్పుడు తాగుతాడు” అని ఆయన నవ్వినాడు. మా వారికి 44 ఏళ్లు. శనివారం రాత్రి ఇంట్లోనే రెండు పెగ్గులు తాగుతారు. “నేనూ వాని వయసులోనే మొదలుపెట్టినా, నాకేమైంది” అంటారు. మర్నాడు కోపం పట్టలేక వాణ్ణి రెండు దెబ్బలు కొట్టినాను. అప్పటి నుంచి వాడు నాతో సరిగా మాట్లాడటం లేదు. ఉరుకుందకు తీసుకుపోయి ఈరన్న స్వామి ముందర ఒట్టు వేయించాలా? హాస్టల్లో చేర్చాలా? ఏమీ జరగనట్టు ఊరుకోవాలా? అసలు వాడితో ఏమని మొదలుపెట్టాలి?

సమాధానం:

అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. కొడుకు తాగాడన్న భయం కంటే, వాడు మీతో మాట్లాడటం మానేశాడన్న బాధే అందులో ఎక్కువగా కనిపించింది. ఆ బాధ సరైనదే. పదహారేళ్ల పిల్లవాడు ఒక రాత్రి బీరు తాగడం సరిదిద్దుకోగలిగిన విషయం. కానీ తను తాగిన సంగతీ, ఎవరో బలవంతపెట్టి తాగించిన సంగతీ, రేపు ఏ స్నేహితుడో స్పృహ తప్పి పడిపోయిన సంగతీ ఇంట్లో చెప్పుకోలేని స్థితికి వాడు చేరుకుంటే, అప్పుడు మీరు నిజంగా భయపడవలసి ఉంటుంది. మద్యం విషయంలో ఇంటి మాట కచ్చితంగా ఉండాలి, ఆ మాట తప్పిన రోజున కూడా వాడు నిజం చెప్పుకునే చోటు ఇల్లే కావాలి. ఈ రెండూ ఒకచోట ఇమడవని, కచ్చితంగా ఉంటే పిల్లలు దాస్తారని, మెత్తగా ఉంటే చెడిపోతారని చాలామంది తల్లిదండ్రులు అనుకుంటారు. కర్నూలులో ఇరవై ఏళ్లకు పైగా ఇంటర్ పిల్లలకు పాఠాలు చెప్పి, ఆ తర్వాత వాళ్లతోనూ వాళ్ల తల్లిదండ్రులతోనూ మాట్లాడటమే పనిగా పెట్టుకున్న మనిషిగా చెబుతున్నాను, ఈ రెండూ ఒకే ఇంట్లో ఉండటం నేను ఎన్నోసార్లు కళ్లారా చూశాను.

ముందు ఆ రెండు దెబ్బల సంగతి తేల్చండి. “కొట్టడం నాదే తప్పు నాయనా, భయంతో చెయ్యి చేసుకున్నా” అని వాడికి సూటిగా చెప్పండి. అలా అంటే లోకువైపోతానని సంకోచించకండి. మీరు మీ తప్పు ఒప్పుకున్నంత మాత్రాన వాడు తాగినది ఒప్పయిపోదు. పైగా, తప్పు జరిగితే దాన్ని ఈ ఇంట్లో నోరు తెరిచి చెప్పుకోవచ్చన్న సంగతి వాడికి మొట్టమొదటిసారి మీ దగ్గరే తెలుస్తుంది. ఆ రోజుకు అంతే చాలు. అదే ఊపులో మద్యం గురించి ఉపన్యాసం మొదలుపెడితే, ఆ క్షమాపణ ఉపన్యాసానికి ఉపోద్ఘాతమేనని వాడు అనుకుంటాడు.

తర్వాతి మాటలకు చోటు, వేళ చూసుకోండి. కుర్చీలో ఎదురుగా కూర్చోబెట్టి, తలుపు దగ్గరికి వేసి, “నీతో మాట్లాడాలి” అని మొదలుపెడితే ఏ పిల్లవాడైనా బోనులో నిలబడ్డట్టే బిగుసుకుపోతాడు. ఇద్దరి చేతుల్లోనూ ఏదో ఒక పని ఉన్నప్పుడు, ఒకరి ముఖం ఒకరు చూసుకోవలసిన అవసరం లేనప్పుడు మగపిల్లలకు నోరు పెగులుతుంది. నాకు తెలిసిన ఒక తల్లి, మీలాగే కొడుకుతో మాట తెగిపోయిన మనిషి, ఒక ఆదివారం మధ్యాహ్నం చాటలో బుడ్డలు (వేరుశనగ కాయలు) పోసుకుని వసారాలో ఒలుస్తూ కూర్చుంది. కొడుకు వచ్చి పక్కన కూర్చుని తనూ ఒలవడం మొదలుపెట్టాడు. పావుగంట దాకా పొట్టు చప్పుడు తప్ప మాట లేదు. తర్వాత ఆమె తల ఎత్తకుండానే “ఆ రోజు తాగినప్పుడు నీకు ఎట్లనిపించింది రా?” అని అడిగింది. “ఎందుకు తాగినావు” అని అడగలేదు. వాడు చాలాసేపు ఊరుకుని “చేదుగా ఉండింది. వద్దంటే నవ్వుతారని తాగినా” అన్నాడు. ఆమె “ఊఁ” అని మాత్రమే అంది. మిగతాదంతా వాడే చెప్పాడు. మీ ఇంట్లో బుడ్డలే కానక్కర్లేదు, ట్యూషన్ నుంచి స్కూటీ మీద తీసుకొచ్చేటప్పుడైనా, మిద్దె మీద బట్టలు తీసేటప్పుడైనా ఆ ఒక్క ప్రశ్న అడిగి, జవాబు వచ్చేదాకా ఓపిక పట్టండి. మొదటి రోజు జవాబు రాకపోయినా నష్టం లేదు. మద్యం గురించి పిల్లలతో మాట్లాడటం ఒక పెద్ద సమావేశంలో తెమిలిపోయే పని కాదు, నెలకు నాలుగైదు సార్లు, ఐదేసి నిమిషాల చొప్పున, ఏళ్ల తరబడి సాగవలసిన మాట అది.

వాడు చెప్పింది విన్న తర్వాత ఇంటి మాట చెప్పండి, దాన్ని మెలికలు లేకుండా చెప్పండి. “నీకు ఇరవై ఒకటి నిండేదాకా మందు ముట్టకూడదు. ఇంట్లో కాదు, పెళ్లిలో కాదు, ఎవరు పోసినా కాదు.” ఇరవై ఒకటి మీరు కల్పించిన అంకె కాదు. మన రాష్ట్రంలో 21 ఏళ్లు నిండని వారికి మద్యం అమ్మడం చట్టం ఒప్పుకోదు. “ఎప్పుడో ఒకసారైతే ఫరవాలేదు”, “ఇంట్లో మా కళ్ల ముందరైతే సరే” అనే సడలింపులు ఇవ్వకండి. ఇంట్లో రుచి చూపిస్తే బయట అదుపులో ఉంటారన్న నమ్మకం చాలామందికి ఉంది, కానీ తల్లిదండ్రులే పోసిన పిల్లలు తర్వాత తక్కువ తాగుతారనడానికి ఆధారం లేదు సరికదా, అనుమతి దొరికిందన్న ధీమాతో ఎక్కువ తాగుతారని పరిశోధనలు చెబుతున్నాయి.

అయితే కారణం చెప్పకుండా నిషేధం మాత్రమే చెబితే పదహారేళ్ల బుర్ర ఒప్పుకోదు. ఆ వయసు పిల్లలకు “లివరు చెడిపోతుంది” అంటే అది ముసలితనంలో రాబోయే ముచ్చటలా వినిపిస్తుంది, చెవికెక్కదు. వాడికి ఈ రోజు పనికొచ్చే సంగతి చెప్పాలి. మనిషి మెదడు ఇరవై అయిదేళ్ల వయసు వరకూ ఎదుగుతూనే ఉంటుంది, అందులో చిట్టచివర ఎదిగేది నుదుటి వెనక ఉన్న భాగం. ముందూ వెనకా ఆలోచించి “ఇక చాలు” అని ఆపగలిగే శక్తి దానిదే. పెద్దవాళ్లకు రెండు పెగ్గులు పడగానే మత్తు, నిద్ర ముంచుకొచ్చి చెయ్యి ఆగుతుంది. ఈ వయసు పిల్లల్లో ఆ మత్తు అంత తొందరగా తెలియదు కాబట్టి “నాకేం కాలేదు” అనుకుంటూ ఇంకా తాగేస్తారు, కానీ లోపల జ్ఞాపకశక్తికి జరిగే నష్టం మాత్రం పెద్దవాళ్లకంటే వాళ్లకే ఎక్కువ. పగలు చదివింది తలలో స్థిరపడేది రాత్రి నిద్రలో, ఆ నిద్రను మద్యం చెడగొడుతుంది. ఇంటర్ పరీక్షలకు, ఈఏపీసెట్‌కు తయారవుతున్న పిల్లవాడికి ఈ ఒక్క మాట అర్థమైతే, క్యాన్సరు గురించి చెప్పే పది మాటల పని అది చేస్తుంది. క్యాన్సరు మాటా అబద్ధం కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆధ్వర్యంలోని క్యాన్సర్ పరిశోధన సంస్థ 1988లోనే మద్యాన్ని క్యాన్సరు కలిగించే పదార్థాల్లో మొదటి వర్గంలో చేర్చింది. ఎంత తక్కువ తాగినా క్షేమమని చెప్పదగిన మోతాదు లేదని 2023లో ఆ ఆరోగ్య సంస్థే ప్రకటించింది.

మీ మరిది పోసింది బీరే కదా, అందులో ఏముంది అనుకునేవాళ్లు మీ ఇంట్లోనే ఇద్దరున్నారని ఉత్తరంలో తెలుస్తూనే ఉంది. ఈ లెక్క వాళ్ల ముందు పెట్టండి. మన దగ్గర అమ్మే విస్కీ, బ్రాందీల్లో నూటికి 42.8 పాళ్లు ఆల్కహాలు ఉంటుంది, అందులో 30 మిల్లీలీటర్ల పెగ్గు పోస్తే సుమారు 10 గ్రాముల ఆల్కహాలు కడుపులోకి పోతుంది. స్ట్రాంగ్ బీరులో ఏడు పాళ్లుందనుకుంటే, 650 మిల్లీలీటర్ల సీసా మొత్తం తాగినవాడి ఒంట్లోకి చేరేది సుమారు 36 గ్రాములు, అంటే మూడున్నర పెగ్గుల విస్కీతో సమానం. 180 మిల్లీలీటర్ల క్వార్టరు విస్కీ సీసా అయితే ఆరు పెగ్గులు. కాలేయం గంటకు సుమారుగా ఒక పెగ్గును మాత్రమే కరిగించగలదు. నిమ్మకాయ, మజ్జిగ, చన్నీళ్ల స్నానం, కాఫీ ఇవేవీ ఆ వేగాన్ని పెంచవు. పెళ్లిలో పదకొండు గంటలకు సీసా తాగిన పిల్లవాడి ఒంట్లో తెల్లవారుజామున మూడు గంటలకు కూడా మద్యం మిగిలే ఉండవచ్చు.

ఈ లెక్కను నోటితో చెప్పడం కంటే చేసి చూపించడం మేలని నాకు ఒక తండ్రి వల్ల తెలిసింది. ఆయనా మీ వారిలాగే “వారానికి రెండే పెగ్గులు సార్” అనేవాడు. ఇంటికి వెళ్లి, తాను ఎప్పుడూ వాడే స్టీలు గ్లాసులో మామూలుగా ఎంత పోసుకుంటాడో అంత నీళ్లు పోసి, దాన్ని దగ్గు మందు సీసా మూతతో కొలిచి చూడమన్నాను. ఆయన ఆ పని కొడుకు ఎదురుగానే చేశాడట. మూతలు లెక్కపెట్టింది కొడుకే. ఒక “పెగ్గు” 80 మిల్లీలీటర్లు దాటింది. రెండంటే అయిదు పెగ్గులకు పైమాటే. తండ్రీ కొడుకులిద్దరూ కాసేపు ఆ గ్లాసు వైపే చూస్తూ ఉండిపోయారని, ఆ తర్వాత తనకు కొడుకు ముందు “రెండే” అనడానికి నోరు రాలేదని ఆయనే వచ్చి చెప్పాడు. వీలైతే మీ ఇంట్లోనూ ఒక శనివారం ఆ మూత తీయించండి.

ఇక మీ వారి మాట దగ్గరికి వద్దాం. “నేనూ వాని వయసులోనే మొదలుపెట్టినా, నాకేమైంది” అన్న మాటకు ఇంట్లో జవాబు లేకపోతే, మీరు ఎన్ని చెప్పినా మీ అబ్బాయికి అదే చివరి మాటగా మిగిలిపోతుంది. ఆయనకిప్పుడు 44 అంటున్నారు. అంటే 1995 జనవరిలో ఎన్టీఆర్ ప్రభుత్వం సంపూర్ణ మద్యనిషేధం తెచ్చినప్పుడు ఆయనకు సుమారు పదమూడేళ్లు. 1997లో ఆ నిషేధాన్ని సడలించేనాటికి ఇంచుమించు మీ అబ్బాయి ఈడువాడు. ఆ మధ్యకాలం వెనక నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు మొదలుపెట్టిన సారా వ్యతిరేక పోరాటం ఉంది, 1993 అక్టోబరులో రాష్ట్రమంతటా సారాను నిషేధించేదాకా వెళ్లిన పోరాటం అది. అంతకు చాలా ముందే, అప్పటి మద్రాసు రాష్ట్రంలో రాజాజీ ప్రభుత్వం 1937లో సేలం జిల్లాలో మొదలుపెట్టిన మద్యనిషేధాన్ని మరుసటి ఏడాది చిత్తూరు, కడప జిల్లాలకు విస్తరించింది. “మన సీమలో మందు లేని పెళ్లి ఎక్కడుంది” అనేవాళ్లకు ఈ సంగతులు గుర్తుచేయాలని నాకు ఎప్పుడూ అనిపిస్తుంది. తాగుడు మన ఆచారమని చెప్పుకునే ఈ నేల మీదే, దాన్ని ఆపడానికి మూడు తరాల నుంచి మనుషులు పాటుపడ్డారు.

మీ వారికి ఏమీ కాలేదన్నది నిజమే కావచ్చు, సంతోషం. కానీ ఒకే వయసులో మొదలుపెట్టిన పదిమందిలో ఎవరికి ఏమవుతుందో ఆ వయసులో ఎవరికీ తెలియదు. అమెరికాలో 1990లలో జరిగిన ఒక పెద్ద సర్వేలో, పదిహేనేళ్లలోపే తాగడం మొదలుపెట్టినవారిలో నూటికి నలభైమంది జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు తాగుడుకు బానిసలయ్యారని, ఇరవై దాటాక మొదలుపెట్టినవారిలో ఆ సంఖ్య పది దగ్గర ఉందని తేలింది. వ్యసనానికి లోనయ్యే స్వభావంలో సుమారు సగం వంశంలోనే వస్తుంది కూడా. మీ మామగారి తరంలో, మీ పుట్టింటివైపు తాగుడు వల్ల పాడైనవాళ్లు ఎవరైనా ఉంటే, ఆ సంగతి పిల్లల దగ్గర దాచకండి. “మన ఇంట్లో షుగరు ఉన్నట్టే ఇదీ ఉంది, అందుకే నువ్వు మిగతావాళ్లకంటే జాగ్రత్తగా ఉండాలి” అని చెబితే పిల్లలు దాన్ని అవమానంగా తీసుకోరు, తమ గురించి తమకు తెలియవలసిన విషయంగా తీసుకుంటారు.

మీ వారిని తాగడం మానేయమని ఈ ఉత్తరం ద్వారా నేను ఆదేశించలేను. అడగగలను, అడుగుతున్నాను. కనీసం పిల్లలిద్దరి చదువులు గట్టెక్కేదాకా ఇంట్లో సీసా పెట్టవద్దని, కొడుకు చేత గ్లాసు, సోడా తెప్పించుకోవద్దని, తాగిన రాత్రి బండి ఎక్కవద్దని అడగండి. మన ఊళ్లో ఎందరో తండ్రులు అయ్యప్ప మాల వేసుకున్న నలభై ఒక్క రోజులు చుక్క ముట్టకుండా ఉంటారు. ఆ నలభై ఒక్క రోజులూ తమను పిల్లలు చూస్తూనే ఉంటారన్న సంగతి వాళ్లు మరచిపోతారు. ఆపగలిగిన మనిషే మళ్లీ ఎందుకు మొదలుపెట్టాడన్న ప్రశ్న పిల్లల మనసులో ఉంటుంది, అడగరు. మీ వారు వారం మధ్యలో ఒక సాయంత్రం కొడుకును పక్కన కూర్చోబెట్టుకుని, తాను మొదటిసారి ఎక్కడ తాగాడో, ఆ రోజు నిజంగా ఎలా ఉండిందో, ఈ అలవాటు వల్ల ఎన్నిసార్లు ఇబ్బంది పడ్డాడో, ఎంత డబ్బు పోయిందో దాపరికం లేకుండా చెబితే, అది మీ నోటి నుంచి వచ్చే వంద మాటల పెట్టు. గొప్పలు మాత్రం వద్దని ముందే చెప్పండి. “మేము ఆ రోజుల్లో ఎంత తాగినా నిలబడేవాళ్లం” వంటి కబుర్లు పిల్లవాడికి సవాలుగా వినిపిస్తాయి.

మీ మరిదితో మాట్లాడవలసింది మీ వారే. వదిన చెబితే నవ్వేసినవాడు అన్న చెబితే వింటాడు. బాల న్యాయ చట్టం, 2015లోని 77వ సెక్షను ప్రకారం పద్దెనిమిదేళ్లు నిండని పిల్లలకు మద్యం ఇచ్చినవారికి ఏడేళ్ల దాకా కఠిన కారాగార శిక్ష, లక్ష రూపాయల దాకా జరిమానా పడవచ్చు. ఇంటి మనిషి మీద కేసు పెట్టమని నేను అనడం లేదు. ఆయన తమాషా అనుకున్న పనిని ఈ దేశపు చట్టం ఎంత తీవ్రంగా చూస్తోందో ఆయనకు తెలియాలి. “ఇంకోసారి వానికి పోస్తే, మా పిల్లలతో నీ ఫంక్షన్లకు రాము” అని మీ వారు తమ్ముడికి చెప్పిన మాట మీ అబ్బాయి చెవిన పడితే మరీ మంచిది. తనకు పోసిన పెద్దమనిషిని ఎవరూ ఏమీ అనకుండా, తాగిన తనకు మాత్రమే దెబ్బలు పడ్డాయన్న సంగతి వాడి మనసులో ఇప్పటికీ మెలిపెడుతూ ఉంటుందని నా ఊహ. వాడి మౌనంలో సగం కారణం అదే కావచ్చు.

ఒట్టు గురించి అడిగారు. ఉరుకుంద ఈరన్న స్వామి మీద మీకున్న భక్తిని నేను తక్కువ చేయను. శ్రావణంలో అందరూ కలిసి వెళ్లి దర్శనం చేసుకుని రండి. కానీ పదహారేళ్ల పిల్లవాడి చేత దేవుడి ముందర ఒట్టు వేయించకండి. స్నేహితులు బలవంతం చేసిన ఏదో ఒక సాయంత్రం వాడు ఆ ఒట్టు తప్పితే, తాగిన సంగతితో పాటు దేవుడికి మాట తప్పిన సంగతి కూడా దాచవలసి వస్తుంది. పైగా, స్వామి కోపగిస్తాడన్న భయం ఉన్న పిల్లవాడు, కష్టంలో పడ్డ రాత్రి తల్లికి ఫోను చేయడానికి ఇంకా వెనకాడతాడు.

ఆ ఫోను గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఈ ఉత్తరం అంతటిలో నన్ను ఎక్కువగా కలవరపెట్టేది అదే. చాలా ఏళ్ల కిందట నా దగ్గర చదివిన ఒక పిల్లవాడు, హాస్టల్లో స్నేహితుడి పుట్టినరోజున తొలిసారి తాగాడు. గంటలోపే స్పృహ లేకుండా పడిపోతే, వార్డెనుకు తెలిస్తే అందరినీ ఇంటికి పంపేస్తారన్న భయంతో మిగతా పిల్లలు వాణ్ణి మంచం మీద వెల్లకిలా పడుకోబెట్టి, దుప్పటి కప్పి, దీపం ఆర్పేశారు. రాత్రి వాంతి చేసుకున్నాడు, అది ఊపిరితిత్తుల్లోకి వెళ్లింది. తెల్లవారి గురగురమని వింత శబ్దం వస్తుంటే ఎవరో భయపడి చెప్పారు. బతికాడు, కానీ మూడు వారాలు ఆసుపత్రిలో ఉన్నాడు. నేను చూడటానికి వెళ్లినప్పుడు ఆ నలుగురు స్నేహితులూ వరండాలో గోడకానుకుని నేల మీద కూర్చుని ఉన్నారు. వాళ్లు చెడ్డపిల్లలు కారు. ఎవరికి చెప్పాలో తెలియని పిల్లలు. ఆ రోజు నుంచి నేను ప్రతి తరగతిలోనూ ఈ మాట చెబుతూ వచ్చాను, మీరూ మీ అబ్బాయికి చెప్పండి. తాగిన మనిషిని ఎంత లేపినా లేవకపోయినా, శ్వాస మరీ మెల్లగా, నిమిషానికి ఎనిమిదిసార్లకంటే తక్కువగా ఆడుతున్నా, ఒంటి మీద చర్మం చల్లబడి నీలంగా మారుతున్నా, మూర్ఛ వచ్చినా, స్పృహలేని స్థితిలో వాంతి అవుతున్నా, నిద్రపోతే సర్దుకుంటుందిలే అనుకోకూడదు. ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టి, నోట్లో మజ్జిగో నిమ్మరసమో పోయకుండా, ఒక్కణ్ణే వదిలి వెళ్లకుండా, వెంటనే 108కు ఫోను చేయాలి. ఎవరు తాగారు, ఎవరు పోశారు అన్న విచారణ మర్నాడు.

మీ అబ్బాయితో ఒక ఒప్పందం చేసుకోండి. ఎక్కడున్నా, ఎంత రాత్రయినా, తాను తాగినా తాగకపోయినా, అక్కడ ఉండటం ఇష్టం లేకపోతే మీకు ఫోను చేసి, నాయనమ్మ గురించి అడుగుతున్నట్టు “జేజికి ఎట్లుంది?” అని అడగాలి. స్నేహితుల ముందు అది మామూలు మాట. మీరు వెంటనే “జేజికి బాగలేదు, ఇప్పుడే ఇంటికి రా, నాయన బయల్దేరినాడు” అని గట్టిగా కేకలేయాలి. వాడు అందరి ముందూ తల్లిని విసుక్కుంటూ లేచి వచ్చేయవచ్చు, పరువు పోదు. మీరు వెళ్లి తెచ్చుకోవాలి, దారిలో ఒక్క ప్రశ్న కూడా అడగకూడదు. మర్నాడు మాట్లాడాలి, ఇంటి మాట తప్పితే దానికి తగిన పర్యవసానం కూడా ఉండాలి, అంటే రెండు వారాలు సాయంత్రం బయటికి వెళ్లడం బందు లాంటిది. కానీ ఫోను చేసినందుకు మాత్రం శిక్ష ఉండకూడదు. ఈ ఒప్పందంలో మీ వారూ చేరాలి, ఆయన శనివారాలు తాగుతారు కాబట్టి, ఆ రాత్రి బండి తీయవలసి వస్తే ఎవరు తీస్తారో ముందే అనుకోవాలి.

బండి మాట వచ్చింది కనుక ఇదీ చెబుతాను. పెళ్లిళ్లలోనూ జాతరల్లోనూ మగపిల్లల చేతికి బైకు తాళం ఇచ్చి “పోయి ఐసు తీసుకురా” అనడం మన దగ్గర మామూలు. పద్దెనిమిది నిండనివాడు బండి నడిపి దొరికితే, మోటారు వాహనాల చట్టం 2019 సవరణ ప్రకారం తండ్రికో, బండి యజమానికో 25 వేల రూపాయల జరిమానా, మూడేళ్ల దాకా జైలు పడవచ్చు, ఆ పిల్లవాడికి పాతికేళ్లు వచ్చేదాకా లైసెన్సు రాదు. వినాయక నిమజ్జనం రోజు కేసీ కెనాల్ గట్టున తాగిన కుర్రాళ్లు నీళ్లలోకి దిగడం నేను ఏటా చూస్తూ భయపడుతూనే ఉన్నాను. ఆ రోజున మీ అబ్బాయి ఎవరితో వెళ్తున్నాడో, ఏ బండి మీద వెళ్తున్నాడో తెలుసుకోండి, వీలైతే మీరో మీ వారో వెంట ఉండండి.

దొరకడం ఎంత తేలికో కూడా మీకు తెలియాలి. 2024 అక్టోబరులో కొత్త మద్యం విధానం వచ్చాక 99 రూపాయలకే క్వార్టరు దొరుకుతోంది. నలుగురు పిల్లలు తలా పాతిక రూపాయలు వేసుకుంటే చాలు. ఆదోని, మంత్రాలయం వైపైతే సరిహద్దు దాటి వచ్చే కర్ణాటక ప్యాకెట్లు, పల్లెల్లో బెల్టు షాపులు, నాటుసారా ఉండనే ఉన్నాయి. కల్తీ సారాలో మిథనాలు కలిస్తే కొద్ది మోతాదుకే చూపు పోతుంది, ప్రాణమూ పోతుంది. జేబు ఖర్చు ఎంత ఇస్తున్నారో, ఎటు పోతోందో గమనించండి, కానీ వాడి బ్యాగు, ఫోను దొంగతనంగా వెతకకండి. చూడాలనుకుంటే అడిగి చూడండి.

పాపను మరచిపోకండి. పదమూడేళ్లు చిన్న వయసు కాదు, ఈ మాటలు మొదలుపెట్టడానికి అదే సరైన వయసు. ఆడపిల్ల కాబట్టి ఈ సంగతి తనకు అక్కర్లేదనుకోవడం పొరపాటు. ఆడవాళ్ల ఒంట్లో నీటి పాలు తక్కువ కావడంతో అదే మోతాదుకు మద్యం రక్తంలో ఎక్కువగా చేరుతుంది. అన్న తాగిన రాత్రీ, మర్నాడూ ఏం జరిగిందో తను అంతా చూసింది. “నీకేమనిపించింది?” అని తననూ ఒకసారి అడగండి.

ఇప్పటికైతే మీ అబ్బాయికి వైద్యం అవసరమని నాకు అనిపించడం లేదు. ఒకవేళ మళ్లీ మళ్లీ తాగుతున్నాడని తెలిసినా, డబ్బు మాయమవుతున్నా, స్నేహితులు పూర్తిగా మారిపోయినా, మార్కులు ఒక్కసారిగా పడిపోయినా, ఒంటరిగా తాగుతున్నాడని అనుమానం వచ్చినా, బతకాలని లేదన్నట్టు మాట్లాడినా ఆలస్యం చేయకండి. కర్నూలు ప్రభుత్వ సర్వజన వైద్యశాలలో మానసిక వైద్య విభాగం ఉంది. ఇంటి నుంచే మాట్లాడాలనుకుంటే టెలీ మానస్ 14416కు, మత్తు వ్యసనాల సహాయ కేంద్రం 14446కు ఖర్చు లేకుండా ఫోను చేయవచ్చు. ఈ రెండో నంబరు మీ వారికీ పనికొస్తుంది, ఆయన ఒప్పుకుంటే.

చివరిగా హాస్టలు. వద్దమ్మా. తాగినందుకు ఇంటి నుంచి పంపేశారని వాడు అనుకుంటాడు, బుడ్డలు ఒలుస్తూ మాట్లాడే మధ్యాహ్నాలు మీకు దొరకవు, “జేజికి ఎట్లుంది” అని ఫోను చేసినా తెచ్చుకోవడానికి మీరు దగ్గర్లో ఉండరు. ఆ ఆలోచనను పక్కన పెట్టి, ఈ వారం వాణ్ణి ట్యూషన్ నుంచి మీరే స్కూటీ మీద తీసుకురండి.